తీగను చూసి మోడెం కొనాలి

ఇలా దగ్గరగా జరిగి కూర్చో మనవడా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. అరగంట అది లేకుండా ఉండటం నీకు ఉపవాసమేనని తెలుసులే, అయినా పెట్టు. ఇంటర్నెట్ మన ఇంటికి ఫోను తీగ మీద నడిచొచ్చిన రోజులు చెబుతాను.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది వీఎస్‌ఎన్‌ఎల్, 1995 ఆగస్టు 15న. అదీ మహానగరాల్లోనే. మన ఏలూరులో అప్పటికి ఇంట్లో ఫోనుంటేనే గొప్ప. లేనివాళ్ళు శుభలేఖ మీద పక్కింటి నంబరు వేయించుకుని, దాని పక్కన ‘పీపీ’ అని అచ్చేయించేవారు. ఫోనొస్తే ఆ ఇంటి పిల్లాడు వీధిలోకి పరిగెత్తి పిలుచుకొచ్చేవాడు. ఆ పిల్లాడికి చేతిలో చేగోడీ పెట్టడం మర్యాద... సరే, చేగోడీల్లో పడితే తెల్లారుతుంది. మోడెం సంగతికొద్దాం.

1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకూ అనుమతులొచ్చాయి. తర్వాత రెండు మూడేళ్ళకి మన పేటల్లోనూ కంప్యూటర్లు దిగాయి. పిల్లలు అమెరికాలో ఉండేవారు కదా! ఐఎస్‌డీ నిమిషానికి అరవై రూపాయల దాకా పడేది. ఈమెయిలుకైతే లోకల్ కాలు ఖర్చే: మూడు నిమిషాలకో యూనిట్, రూపాయి ఇరవై పైసలు వేసుకున్నా గంటకు ఇరవై నాలుగు రూపాయలు. ఇంటర్నెట్ ప్యాకు డబ్బులు వేరే అనుకో.

ఫోను తీగ మనిషి మాట కోసం వేసింది. కంప్యూటరు లెక్కని కూతలుగా మార్చి తీగలోకి వదిలేది, అవతలి కూతల్ని మళ్ళీ లెక్కగా విప్పేది మోడెం. మొదట కీచుమని, తర్వాత బుర్రుమని అరిచేది. ఆ అరుపులోనే రెండు మోడెములూ తీగని పరీక్షించుకుని, ఎంత వేగం తట్టుకుంటుందో ఒప్పందం చేసుకునేవి.

జనం ఇక్కడే బోల్తా పడ్డారు. డబ్బా మీద ‘56కె’ అని కనిపిస్తే చాలు, కళ్ళు మూసుకుని కొనేసేవారు. ఆ వేగం టెలిఫోను ఎక్స్ఛేంజీ నుంచి మన ఇంటికొచ్చే వైపే. మనం పంపేది 33.6కె దాటేది కాదు. ఆ రావడమైనా ఎక్స్ఛేంజీ డిజిటల్‌దై, ఇంటి తీగ పొట్టిగా, శుభ్రంగా ఉంటేనే. పైగా 1998లో వీ.90 ప్రమాణం కుదిరేదాకా ఎక్స్2 అని ఒకటి, కె56ఫ్లెక్స్ అని ఇంకొకటి, రెండు పద్ధతులుండేవి. ఒకదానితో ఇంకొకటి 56కెలో మాట్లాడేది కాదు.

మా బావగారిది తాడేపల్లిగూడెం. ఎక్స్ఛేంజీకి కూతవేటు దూరంలో ఇల్లు. ఆయన కంప్యూటరు లోపల గుచ్చే చవక మోడెం కార్డు కొన్నా హాయిగా నడిచింది. మా పెద్దమ్మ కొడుకుది కైకలూరు అవతల కొల్లేటి లంక. చేపల చెరువుల గట్ల వెంట స్తంభాల మీద తీగ మైళ్ళకొద్దీ వెళ్ళేది. వానాకాలం అతుకుల్లో చెమ్మ చేరి ఫోనులో గరగర. అన్నయ్యా అదే చవక కార్డు తెచ్చాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. ఆ కార్డు పనిలో సగం కంప్యూటరు బుర్రే చెయ్యాలి. అన్నయ్య మిషను పాతది, అటు తీగా మొరాయించె, ఇటు మిషనూ బిగుసుకుపోయె.

అన్నయ్యకి నేను బయట పెట్టే మోడెం కొనిపించాను. ధర దాదాపు మూడింతలు. నోరు నొక్కుకున్నాడు! కానీ దానికి సొంత బుర్ర ఉంది, ముందువైపు దీపాలున్నాయి, లైను పట్టిందో తెగిందో చూడగానే తెలుస్తుంది. బిగుసుకుంటే స్విచ్చి ఆపి వేస్తే చాలు, కంప్యూటరు జోలికి పోనక్కర్లేదు. ఆ గరగరలో అది 24కె దగ్గర కుదురుకునేది, చినుకు పడితే 14.4కి దిగేది. అయినా తెగేది కాదురా, అదీ దాని గొప్ప. 200 కేబీ ఫొటో రెండు నిమిషాల్లో దిగేది. పక్క గదిలో వదిన రిసీవరు ఎత్తకూడదు, అంతే.

ఇంకోటి. మబ్బు పడితే కరెంటు ప్లగ్గు పీకి ఊరుకునేవారు చాలామంది. పిడుగు ఫోను తీగలోంచి కూడా వస్తుంది. అందుకే అన్నయ్యకి కరెంటు ప్లగ్గుతోపాటు ఫోను ప్లగ్గూ పీకెయ్యడం అలవాటు చేశాను. లంకలో ఒక వేసవి పిడుగులకి ఇద్దరి మోడెములు మాడిపోయాయి. అన్నయ్యది మాత్రం బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా పనిచేసింది.