కంట్రోల్ ఎఫ్ కొడితే మన పేరు దొరకాలి

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన కోట 2022 దాకా నెల్లూరు జిల్లా, 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా ఏదైనా, యానాదుల గురించి మనం రాసుకున్నది తక్కువ, బయటివాళ్లు రాసింది ఎక్కువ. ఆ వందల పేజీల్లో మన సంగతి ఎక్కడుందో వెతకాలంటే కీబోర్డు షార్ట్‌కట్లు తెలియాలి. వాటికీ ఒక చరిత్ర ఉంది.

1978లో వర్డ్‌స్టార్ అనే టైపింగ్ ప్రోగ్రాం వచ్చింది. అప్పట్లో చాలా కంప్యూటర్లకి మౌస్ లేదు, కొన్నిటికి బాణం మీటలు కూడా లేవు. అందుకని కంట్రోల్ పట్టుకుని ఈ కొడితే పైకి, ఎక్స్ కొడితే కిందికి, ఎస్ ఎడమకి, డి కుడికి వెళ్లేట్టు పెట్టారు. కీబోర్డు మీద చూడండి, ఆ నాలుగూ ముగ్గు చుక్కల్లా ఉంటాయి. కంట్రోల్ క్యూ కొట్టి ఆర్ కొడితే ఫైలు మొదటికి, సి కొడితే చివరికి. టైపిస్టు చేతులు మీటల మీదనుంచి లేవకూడదని ఈ ఏర్పాటు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డులో బాణాలు, హోమ్, ఎండ్ ఉన్నాయి. ఇప్పుడు వర్డ్‌లో కంట్రోల్ హోమ్ మొదటికి, కంట్రోల్ ఎండ్ చివరికి, కంట్రోల్ జి కావలసిన పేజీకి తీసుకెళ్తాయి. షిఫ్ట్ ఎఫ్5 ఇందాక మార్పు చేసిన చోటికి తెస్తుంది.

అన్నిటికంటే మనకి అవసరమైంది కంట్రోల్ ఎఫ్. కానీ అక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది స్పెల్లింగ్. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల పుస్తకంలో మన పేరు వై, ఏ అక్షరాలతో మొదలవుతుంది. శ్రీహరికోట యానాదుల సంగతులు ఏడో సంపుటంలో ఉన్నాయి. మన రాష్ట్ర ఎస్టీ జాబితాలోనేమో వై, ఈ అక్షరాలతో ఉంది. చెల్లా, కప్పల, మంచి, రెడ్డి యానాదుల పేర్లు కూడా అక్కడే ఉన్నాయి. ఒక్క స్పెల్లింగే వెతికి "మనవాళ్ల పేరు లేదు" అనుకుంటే మోసపోతాం. రెండు రకాలుగానూ వెతకండి.

రెండోది తెలుగు ఫాంట్లు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది. అయినా డీటీపీ సెంటర్లలో అను లాంటి పాత ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో కంటికి కనబడేది తెలుగు, లోపల దాచేది వేరే గుర్తులు. మనం యూనికోడ్‌లో "యానాది" అని వెతికితే, పేరు కళ్లెదురుగా ఉన్నా కంప్యూటర్ లేదంటుంది. ఫొటో తీసిన కాగితంతోనూ అదే బాధ.

కాబట్టి అర్జీ అయినా, గ్రామసభ తీర్మానం అయినా, తాతలు చెప్పిన కథ అయినా యూనికోడ్‌లోనే టైప్ చెయ్యండి, ఫైలు దాచిపెట్టండి. రేపు మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కంట్రోల్ ఎఫ్ కొడితే మన పేరు మనం రాసిన మాటల్లోనే దొరకాలి.