పాతకారును బ్రతికించు విద్య

మోటారుకారు చరిత్ర అనగానే బెంజి, ఫోర్డు, రోల్సు మొదలగు పేర్లు మనకు జ్ఞప్తికి వచ్చును. అది కార్లను తయారుచేసినవారి చరిత్ర. మన దేశమున కారునకు మరియొక చరిత్ర కలదు. అది బాగుచేసినవారిది. అనంతపురమునుండి కదిరికి పోవు బాటపైనున్న మా బత్తలపల్లివంటి ఊళ్ళలో, వేపచెట్టు నీడను, రేకుల పంచలో, ఇంటి పెరటిలో జరిగిన పని యగుటచేత అది గ్రంథములకు ఎక్కలేదు. ఇప్పుడు పాతకారును కొని, ఇంటివద్దనే విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపింపవలెనను ముచ్చట కొందరికి కలుగుచున్నది. ఆ ముచ్చటకు వెనుకనున్న చరిత్రను కొంత విచారింతము.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్సు రాయిసు కారొకటి కలదు. దానికి ఉత్తరువిచ్చినది ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. 1911లో ఆయన గతించెను. 1912 నాటి ఆ కారు ఏడవ నిజాము కాలమున హైదరాబాదు చేరెను. దాని పైకట్టడమును ఇంగ్లండులోని బార్కరు కంపెనీవారు నిర్మించిరి. వెనుకటి ఆసనము సింహాసనమువలె ఎత్తుగా నుండును. దశాబ్దములు గడచినను అది 350 మైళ్ళకంటె ఎంతో ఎక్కువ తిరుగలేదని ప్రతీతి. చిరకాలము కదలక పడియుండి, తరువాత పునరుద్ధరింపబడి, నేడది చూడవచ్చినవారికి కన్నులపండువు చేయుచున్నది. అట్టి కారును పునరుద్ధరించుటకు ధనమును నేర్పును కావలెను. కాని యొక చిక్కు మాత్రము లేదు. తిరుగని కారు గనుక అది మారలేదు. దాని మూలరూపమేది యన్న ప్రశ్నయే పుట్టదు.

సామాన్యుల కారు సంగతి వేరు. 1928లో జనరల్ మోటార్సు, ఆ తరువాత ఫోర్డు కంపెనీ మన దేశములో భాగములను కూర్చి కార్లను అమ్మసాగినవి. 1942లో హిందుస్థాన్ మోటార్సు, 1944లో ప్రీమియరు ఆటోమొబైల్సు వెలసినవి. 1953లో టారిఫ్ కమిషను సూచనపై, దేశములోనే క్రమముగా తయారుచేయు ప్రణాళిక కలవారికే అవకాశమను విధానము వచ్చినది. విదేశపు కంపెనీలు రెండును మరుసటి యేడు నిష్క్రమించినవి. కంపెనీలు పోయెను గాని వాటి కార్లు మన వీధులలోనే నిలిచిపోయినవి. షెవర్లే, ఫోర్డు, బ్యూయికు కార్లు కొన్నవారికి విడిభాగములు దుర్లభమయ్యెను. క్రొత్తకారు కొందమన్నను సులభమా? 1957లో ఉత్తరపారా కర్మాగారమున మోరిసు ఆక్స్‌ఫర్డు నమూనాపై అంబాసిడరు తయారగుట మొదలయ్యెను. బొంబాయిలో ఫియటు, మద్రాసులో స్టాండర్డు తయారగుచుండెను. వానిని కోరి సొమ్ము కట్టినవారు ఏండ్ల తరబడి వేచియుండెడివారు. అందుచేత ఉన్న కారును వదలుకొనువాడు లేకపోయెను. మనదేశమున పాతకారును బ్రతికించు విద్య ఆ కొరతలో పుట్టినది. విలాసము తరువాత వచ్చి చేరినది.

ఆ విద్యను కొంచెము దగ్గరగా చూతము. యంత్రపు రెండు భాగముల నడుమ వేయు గాస్కెట్టు దొరకకున్న, మేస్త్రీ దళసరి కాగితమును ఇనుప భాగముపై పరచి, చిన్న సుత్తితో అంచులవెంట మెల్లగా తట్టును. ఇనుపయంచే కత్తియై, బోల్టుల రంధ్రములతో సహా సరిగా ఆ ఆకారమున కాగితము తెగును. కొలత లేదు, గీత లేదు. అరిగిన బుష్షునకు బదులు లేతుషాపువాడు గన్‌మెటలు కడ్డీని తరచి క్రొత్తది చేసియిచ్చును. సిలిండరు అరిగినచో బోరింగు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టను వేయుదురు. మొదట అంగుళములో వేయింట ఇరువది వంతులు, మరల అరిగిన నలుబది వంతులు. ఇక తరచుటకు ఇనుము చాలదన్నప్పుడు లోపల స్లీవును దిగగొట్టి, మొదటి కొలతకే తిరిగి వచ్చెదరు. ఇట్లొక యంత్రము మూడు తరముల పిస్టనులను మ్రింగియు బ్రతుకును. కమానుపట్టీ విరిగిన కమ్మరి కొలిమి ఉండనే ఉన్నది. సొట్టపడిన రేకును టింకరు వెనుకనుండి ఇనుపదిమ్మె ఆనించి, ముందునుండి కొయ్యసుత్తితో కొట్టి, మిగిలిన గుంటను సీసముతో పూడ్చును. చిన్న సొట్టకును పెద్దకును ఒకే తీరున పుట్టీ పులుముట తరువాతి కాలపు సోమరితనము.

మా ప్రాంతపు వాతావరణ మీ పనికి సగము మేలు, సగము కీడు. అనంతపురసీమ వర్షాభావమునకు పేరుపడినది. సముద్రపుగాలి సోకు ఊళ్ళలో కారు అడుగుభాగము క్రిందినుండి తుప్పుపట్టి, కాలిబోర్డు జల్లెడయగును. ఇచ్చట ఆ బాధ మిక్కిలి తక్కువ. కాని యెండకు తలుపులచుట్టు రబ్బరు పగులును, కొయ్యభాగముల కీళ్ళు సడలును, ఎర్రదుమ్ము కార్బురేటరులోనికి చేరును. కనుక ఇక్కడి పాతకారులో మొదట చూడవలసినది రబ్బరును గొట్టములును.

ఇంటివద్ద పని మొదలుపెట్టువారికి ఆతురత పనికిరాదు. ఒక నట్టు విప్పుటకు ముందే ఫొటో తీయవలెను. విప్పినదానిని సంచిలో వేసి పేరు వ్రాసి కట్టవలెను. చాలకాలము నిలిచిన యంత్రమును ఒక్కసారిగా త్రిప్పబూనిన పిస్టను వలయములు విరుగవచ్చును. ప్లగ్గులను తీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు విడిచి, పిదప చేతితో మెల్లగా కదపవలెను. పాత బ్రేకుపట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండును. ఆ దుమ్మును నోటితో గాని గాలిపంపుతో గాని ఊదరాదు, తడిబట్టతో తుడువవలెను. అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. 2000లో మన దేశమున సీసము కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. ఆ సీసమునే నమ్ముకొన్న పాత వాల్వుల పీటములు త్వరగా అరుగవచ్చును గనుక గట్టిలోహపు పీటములు వేయించుట మంచిది. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువదిపాళ్ళు ఇథనాలు కలుపుచున్నారు. పాత రబ్బరు గొట్టములను, బెండువాషర్లను అది పాడుచేయును.

రేడియో గలవారు ఒక విషయము గుర్తింపవలెను. 1960ల నడిమివరకు అనేకములైన ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ధనధ్రువమును కారు శరీరమునకు కలిపెడివారు. తరువాతి కార్లలో ఋణధ్రువమును కలుపుట ఆచారమైనది. ఈ భేదమెరుగక తరువాతి ట్రాన్సిస్టరు రేడియోను పాతకారులో బిగించినచో వార్తలు వినవచ్చుటకు ముందే పొగ వచ్చును.

ఇక అసలు వివాదమునకు వత్తము. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకై ప్రత్యేక నిబంధనలను ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు నిండిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు ఇవి వర్తించును. క్రొత్తగా నమోదు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్ల తరువాత పునర్నమోదుకు 5,000 రూపాయలు. సంఖ్యాఫలకముపై వి, ఎ అను ఇంగ్లీషు అక్షరములుండును. నియమములలో ముఖ్యమైనది వాహనము మూలరూపముననే ఉండవలెననుట. చట్రమునందును, పైకట్టడమునందును, యంత్రమునందును గణనీయమగు మార్పు జరిగియుండరాదు.

నియమము న్యాయమైనదే. లేకున్న క్రొత్తయంత్రమునకు పాతరేకు తొడిగి పురాతనమని చూపువారు పుట్టుదురు. కాని మన కార్లను తలచుకొనుడు. పెట్రోలు వ్యయము భరింపలేక ఎందరో అంబాసిడర్లకు డీజిలు యంత్రములను ఎక్కించిరి. అట్లు మార్చినందుననే అవి తుక్కుదుకాణమునకు పోక బ్రతికినవి. ఏ మార్పు కారును కాపాడెనో, ఆ మార్పే నేడు దానికి పురాతన గౌరవమును నిరాకరించుచున్నది. తుక్కుగా పోయినదానికి గౌరవ మెట్లును లేదు. ఎండ సోకక, పని చేయక పడియున్న ధనికుని కారునకు మాత్రము అన్ని అర్హతలును కలవు. మార్పులను చూచిచూడనట్లు విడువుమని మేము కోరము. రెండవ పట్టిక యొకటి ఉండవలెనని మా అభిప్రాయము. ఏ సంవత్సరమున ఏ భాగము ఎందుకు మార్చిరో నమోదు చేసి, పనిచేసి బ్రతికిన కార్లను వేరుగా గుర్తింపవచ్చును.

అంతవరకు ఇంటివద్ద పునరుద్ధరించువారు చేయదగిన దొకటి కలదు. మూలరూపము పిచ్చిలో, స్థానికముగా చేసిన బుష్షును, కమ్మరి అతికిన పట్టీని, లోపల దొరకు పాతరశీదులను పారవేయుచున్నారు. మెరయుచున్న క్రొత్తభాగమును బిగింపుడు, కాని తీసినదానికి చీటికట్టి పెట్టెలో దాచుడు. రంగు గీకునప్పుడు అడుగుపొరలను ఒకచోట కొద్దిగా విడువుడు. ఆ పొరలలో కారు ఎవరి చేత ఎట్లు నడచెనో తెలియును. మేస్త్రీల మాటలనుగూడ వ్రాసికొనవలెను. 2014లో ఉత్తరపారాలో అంబాసిడరు తయారు నిలిచిపోయినది. యంత్రపు ధ్వని విని వాల్వు సందును చెప్పగలవారు వృద్ధులైరి. గాస్కెట్టును సుత్తితో తట్టి కోయుట ఎంత బలముతోనో ఏ పుస్తకమును చెప్పదు. ప్రక్కన కూర్చుండి చూడవలసినదే.

పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019నుండి కొరియాదేశపు కియా కంపెనీవారి కార్లు తయారగుచున్నవి. 50 ఏండ్ల నియమ మట్లేయుండిన 2069లో వానిలో మొదటివి పురాతన వాహనములగును. వాని రేకును టింకరు సరిచేయగలడు, బుష్షును లేతుషాపువాడు తరువగలడు. యంత్రమునకు ఎప్పుడెంత పెట్రోలు అందవలెనో నిర్ణయించు ఎలక్ట్రానిక్ పెట్టె చెడినప్పుడు మాత్రము సుత్తియు ఆకురాయియు పనికిరావు. నాడు పెరటిలో కూర్చుండు మేస్త్రీ స్పానరుతోబాటు కంప్యూటరునుగూడ తెచ్చుకొనవలెను.