వసతి గృహం - విద్యార్థి స్నేహాలు: హైదరాబాదు రాష్ట్ర చరిత్ర నుండి ఒక పరిశీలన

కళాశాల విద్యార్థులు తమవంటివారితోనే స్నేహం చేయడానికి అభిరుచే కారణమని సాధారణంగా భావిస్తారు. ‘ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే పలుకుతుంది’ అనే సామెత చిలుక పలుకును గూటికి ముడిపెడుతుంది. ఆ గూటిని ఎవరు, ఎవరికోసం కట్టారన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న. హైదరాబాదు రాష్ట్రంలోని విద్యార్థి వసతి గృహాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1954లో స్నేహంలోని సామ్యాన్ని రెండు విధాలుగా విభజించారు. కులం, మతం, వర్గం వంటివాటి వల్ల ఏర్పడేది హోదా సామ్యం. నమ్మకాలు, ఆశయాల వల్ల ఏర్పడేది విలువల సామ్యం. ఈ విభజన మన చరిత్రకు ఉపకరిస్తుంది.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా ఏర్పడింది. అదే సంవత్సరం రాజా బహదూర్ వెంకటరామారెడ్డి కృషితో రెడ్డి వసతి గృహం ప్రారంభమైంది. జిల్లాల నుండి వచ్చిన విద్యార్థికి చదువుకన్నా ముందు కావలసినవి తలదాచుకొనే చోటు, రెండు పూటలా తిండి. వాటిని కుల సంస్థ సమకూర్చినప్పుడు తోటి విద్యార్థి ఎవరన్నది చాలావరకు ముందే నిర్ణయమవుతుంది. ఒకే పంక్తిలో భోజనం, ఒకే గదిలో చదువు కొనసాగగా స్నేహం వాటి వెంట వచ్చింది. అంటే ఇక్కడ ఎంపికకన్నా ఏర్పాటు ముందున్నది.

ఈ ఏర్పాటు చేసిన మేలు చిన్నది కాదు. ఆ గృహ నిర్వహణ బాధ్యతలు వహించిన సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించారు. ఉర్దూ ఆధిపత్యంలో తెలుగు చైతన్యానికి ఇటువంటి నెలవులు ఊతమిచ్చాయి. అయితే కులం పునాదిగా గల ఆశ్రయం ఆ కులం వెలుపలివారికి సహజంగా అందదు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మ దళిత బాలల కోసం ప్రత్యేకంగా పాఠశాలలు నడపవలసి వచ్చింది. ఎవరికి గూడు దొరికిందో, ఎవరు తమ గూటిని తామే కట్టుకోవలసి వచ్చిందో ఈ రెండు ప్రయత్నాలను కలిపి చదివినప్పుడే తెలుస్తుంది.

1938లో ఉస్మానియా వసతి గృహాలలో వందేమాతరం పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులలో అనేకులు నాగపూరు విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావు కూడా నాగపూరులో చదివారు. ఆ ఐక్యతలో మత సామ్యమూ, స్వేచ్ఛాకాంక్ష అనే విలువల సామ్యమూ పెనవేసుకొని ఉన్నాయి.

హోదా సామ్యాన్ని విలువల సామ్యం దాటిపోయిన సందర్భమూ ఉన్నది. 1947 సెప్టెంబరు 11న నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. మఖ్దూం ఉస్మానియాలో చదివిన ఉర్దూ కవి. భాష, మతం వేరైనా ఉమ్మడి కార్యం వారిని ఒకచోట చేర్చింది.

కాబట్టి విద్యార్థులు తమవంటివారితోనే తిరగడాన్ని కేవలం వ్యక్తి స్వభావంగా పరిగణించడం అసమగ్రం. గది, భోజనశాల, బోధనా భాష ఆ స్వభావానికి హద్దులు గీస్తాయి. ఉమ్మడి కార్యం ఆ హద్దులను చెరపగలదు. నేటి ప్రాంగణాలలో స్నేహాల పరిధి విస్తరించాలని కోరేవారు విద్యార్థులకు హితబోధ చేయడానికి ముందు గదుల కేటాయింపును పరిశీలించడం అవసరం.