మజిలీలు తరిగిన దారి

కాశీమజిలీ కథల్లో కాశీ కంటే మజిలీలదే పెద్ద పీట. లండన్–సిడ్నీ విమాన మార్గం కథా అంతే. ఈ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి సుమారు 17,000 కిలోమీటర్లు. ప్రయాణం నెల నుంచి ఒక్క రోజుకు దిగిందంటే విమానాల వేగం పెరగబట్టే అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం, దారిలో ఆగడం మానేయడం.

ముప్పై రోజుల్లోపు బ్రిటన్ నుంచి ఎగిరివచ్చే ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్లు ఇస్తామని 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్‌లతో నవంబరు 12న లండన్ శివారులో బయల్దేరి డిసెంబరు 10న డార్విన్‌లో దిగారు. సిడ్నీ అక్కణ్ణుంచి ఇంకో మూడు వేల కిలోమీటర్లు! టికెట్టు కొనుక్కుని వెళ్లే రోజులు 1935లో వచ్చాయి. బ్రిస్బేన్ నుంచి లండన్‌కు పన్నెండున్నర రోజులు. విమానయానమని పేరే గానీ, ఇటలీలోని బ్రిండిసి నుంచి పారిస్ దాకా రైలే గతి.

1938లో నీటి మీద వాలే విమానాలు దిగాయి. చీకటి పడితే ప్రయాణికులకు హోటల్లో పడక. మేవాడ్‌లోని రాజసమంద్ చెరువు, గ్వాలియర్, అలహాబాద్‌లో యమున, కలకత్తాలో హుగ్లీ వాటి మజిలీలు. లండన్ విమానం ఇక్కడ దిగేదని ఇవాళ రాజసమంద్‌లో చెబితే నమ్మేవాళ్లెందరో!

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమై దారి తెగింది. ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం అప్పుడే మొదలైంది. 1943 నుంచి కాటలీనా విమానాలు పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గలకు ఆగకుండా ఎగిరాయి. సుమారు 5,600 కిలోమీటర్లు, 27 నుంచి 32 గంటలు. ఇంధనం బరువుకు ప్రయాణికులు ముగ్గురికి మించితే కుదరదు. శత్రువు పసిగడతాడని రేడియో మూగనోము. దారి చూపేవి నక్షత్రాలే. ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసినందుకు ప్రయాణికుల చేతికి ఒక సర్టిఫికెట్ ఇచ్చేవారు.

1947 డిసెంబరు 1న ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ వారి కాన్‌స్టలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో సిడ్నీలో లేచింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజులకు లండన్ చేరింది. గాలిలో ఉన్నది 55 గంటలే. 1959లో బోయింగ్ 707 జెట్‌లు వచ్చి వేగం గంటకు 900 కిలోమీటర్ల దరిదాపుకు చేరింది. ఇప్పటి విమానాల వేగమూ దాదాపు అంతే. ఆ తర్వాత తగ్గిన కాలమంతా మజిలీలు తగ్గించి మిగుల్చుకున్నదే. కలకత్తా, కరాచీ అలాగే దారి నుంచి తప్పుకున్నాయి.

1989 ఆగస్టులో బోయింగ్ 747-400 విమానం ఒకటి లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో వచ్చింది. ఇంధనం ఆదా కోసం దాన్ని రన్‌వే దాకా లాక్కెళ్లారు. టికెట్టు ప్రయాణికుడు ఒక్కడూ లేడు. 2018 మార్చిలో పెర్త్–లండన్ నేరు సర్వీసు మొదలైంది: 14,498 కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. మరుసటి ఏడాది లండన్ నుంచి సిడ్నీకి జరిపిన పరిశోధన ప్రయాణం 19 గంటల 19 నిమిషాలు పట్టింది. ఈ దారిన ప్రయాణికులను నేరుగా తీసుకెళ్లే ప్రణాళికకు క్వాంటాస్ పెట్టుకున్న పేరు ప్రాజెక్ట్ సన్‌రైజ్. ఆ పేరు కాటలీనాల రెండు సూర్యోదయాల నుంచి వచ్చిందే.