పన్నెండు మైళ్ళ దగ్గర కుదుపు

నవంబరు ఆదివారం, ఉదయం 7 గంటలు. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కి వాయవ్యంగా ఉన్న నోవై ఊరు. గరాజ్ తలుపు పైకి లేస్తుంటే చలి ముందుగా పాదాలనే పట్టుకుంటుంది. స్టీరింగ్ ముందు మీరు కూర్చున్నారు. పక్క సీట్లో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని నేను. కారులో ఉన్నవి ఈ రెండు సీట్లే. ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్, కొని నాలుగేళ్ళు, 31,000 మైళ్ళు తిరిగింది. స్టీరింగ్ కింద సాకెట్‌లో నా స్కానర్ వైరు గుచ్చాను. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంకా 3 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉందని తెర చెబుతోంది.

"హైవే మీద వెన్నలా పోతుందండీ. సిగ్నల్ దగ్గర ఆగబోతుంటేనే వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఉంటుంది" అని నిన్న ఫోన్‌లో చెప్పారు మీరు. సర్వీసుకి తీసుకెళ్తే "స్పోర్ట్స్ కారు కదా, అలాగే ఉంటుంది" అని పంపించేశారనీ చెప్పారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఏ గేరు ఎప్పుడు, ఎంత మెత్తగా మారాలో గేర్‌బాక్స్‌కి నేర్పడమే నా ఉద్యోగం. అలాగే ఉంటుందని వదిలేస్తే మా పనికి అర్థమే లేదు. అందుకే తెల్లారగానే వచ్చేశాను.

టెన్ మైల్ రోడ్డెక్కి పడమరకి తిప్పండి. ఇక్కడ రోడ్లన్నీ మైలుకొకటి చొప్పున గళ్ళు గీసినట్టు ఉంటాయి. హాగర్టీ, మెడోబ్రుక్, నోవై రోడ్డు, టాఫ్ట్, బెక్. ప్రతి కూడలిలోనూ సిగ్నలే. మైలుకొకసారి నెమ్మదించి ఆగడం కన్నా మనకి మంచి పరీక్ష దొరకదు.

మెడోబ్రుక్ దగ్గర ఎర్ర లైటు పడింది. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి బ్రేకు మీద ఆనించారు. 40 మైళ్ళు, 30. నాలుగు నుంచి మూడో గేరుకి దిగింది, నా తెర చూపిస్తే తప్ప మీకు తెలియనే లేదు. 20. మూడు నుంచి రెండుకి దిగింది, నడుము దగ్గర చిన్న కదలిక. 15, 13, 12. అప్పుడొచ్చింది. ఠక్కుమని ఒక్క కుదుపు. మెడ ముందుకి వాలింది, కప్పులో కాఫీ అంచుదాకా ఎగిసింది. ఇరుసు దగ్గర నుంచి సీటు కిందకి ఒక ఇనుప చప్పుడు పాకింది. మీరు నా వైపు చూశారు.

"చూశారా?"

చూశాను. తెర మీద గీత కూడా చూసింది. పచ్చ లైటు పడేలోపు చెబుతాను.

మీ గేర్‌బాక్స్‌లో క్లచ్‌లు రెండు. ఒకదాని కింద 1, 3, 5, 7 గేర్లు. రెండోదాని కింద 2, 4, 6. ఒక్కో క్లచ్‌కీ ఒక్కో ఇరుసు. ఒకటి గొట్టంలా ఉంటే రెండోది దాని లోపల తిరుగుతుంది. మీరు మూడో గేరులో పోతుంటే రెండో ఇరుసు ఊరికే ఉండదు, తరవాత అక్కరకొచ్చే గేరుని ముందే పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. గేరు మారడమంటే ఇంజన్ లాగుడు ఒక క్లచ్ నుంచి ఇంకో క్లచ్‌కి చేతులు మారడమే. నిండు బిందె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అందించినట్టు. మొదటి చెయ్యి ముందే వదిలేస్తే బిందె జారుతుంది, ఇంజన్ ఒక్కసారి రొద పెడుతుంది. మొదటి చెయ్యి వదలకముందే రెండో చెయ్యి గట్టిగా లాగితే నీళ్ళు తొణుకుతాయి. ఇప్పుడు మీ మెడకి తగిలింది ఆ తొణుకే.

పచ్చ లైటు. పదండి.

మరి పై గేర్లలో తొణకని బిందె రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడే ఎందుకు తొణికింది? లెక్క చూడండి. మీ కారులో మొదటి గేరు నిష్పత్తి సుమారు 3.9, రెండోది సుమారు 2.3. గంటకి 12 మైళ్ళ దగ్గర రెండో గేరులో ఇంజన్ సుమారు 1,200 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో మొదటి గేరు పడితే 2,050 దాకా లేవాలి. నాలుగు నుంచి మూడుకి దిగినప్పుడు పెరిగేది పావు వంతుకి కాస్త ఎక్కువ. ఇక్కడ ఏకంగా 70 శాతం. మెట్లన్నిట్లోకీ ఇదే ఎత్తయిన మెట్టు.

రెండో సంగతి. మొదటి గేరు, దాని వెనక డిఫరెన్షియల్ కలిసి క్లచ్ దగ్గరి బలాన్ని 13 రెట్లకి పైగా పెంచి చక్రాలకి ఇస్తాయి. క్లచ్ 10 న్యూటన్ మీటర్లు ఎక్కువ పట్టిందంటే చక్రం దగ్గర అది 130 దాటుతుంది. ఆరో గేరులో అదే తప్పు 30 దగ్గరే ఆగిపోతుంది. క్లచ్‌లని నడిపే కంప్యూటర్ చేసిన పొరపాటు రెండు చోట్లా ఒకటే. ఒకచోట మీకు తెలియదు, ఇంకోచోట కాఫీ ఒలుకుతుంది.

నోవై రోడ్డు సిగ్నల్. మళ్ళీ 12, మళ్ళీ ఠక్. ఈసారి చప్పుడు వినండి. కాలు తీసేసినప్పుడు చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. వేగం బాగా పడిపోయాక ఇంజన్ ఆగిపోకుండా కంప్యూటర్ మళ్ళీ పెట్రోలు ఇస్తుంది, లాగుడు దిక్కు మారుతుంది. గేరు పళ్ళ మధ్య ఎప్పుడూ వెంట్రుకవాసి ఆట ఉంటుంది. దిక్కు మారిన క్షణంలో పళ్ళు ఈ పక్క నుంచి ఆ పక్కకి వచ్చి కొట్టుకుంటాయి. సరిగ్గా అదే క్షణంలో గేరు కూడా దిగితే రెండు దెబ్బలూ కలిసి ఒకటిగా వినిపిస్తాయి.

మామూలు ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో రెండు చక్రాల నడుమ ఆయిల్ పరుపులా నిలబడి ఇలాంటి దెబ్బలు మింగేస్తుంది. మీ కారులో ఆ పరుపు లేదు. అందుకే కాలు నొక్కగానే ఉరుకుతుంది. దెబ్బ తగిలేదీ అందుకే.

టాఫ్ట్ రోడ్డు వస్తోంది. కుడికి తిరిగి కొంచెం పోతే వేంకటేశ్వరస్వామి గుడి. ముందున్న వ్యాను అటే ఇండికేటర్ వేసి బాగా నెమ్మదించింది. మీరూ బ్రేకు వేశారు, 14 దాకా తగ్గింది. వ్యాను తప్పుకుంది. యాక్సిలరేటర్ నొక్కారు. కారు అర క్షణం ఏమీ చెయ్యలేదు, తరవాత ఒక్క ఊపున ముందుకి తోసింది. ఇది వేరే కుదుపు. మీరు ఆగబోతున్నారనుకుని కంప్యూటర్ మొదటి గేరు సిద్ధం చేస్తోంది. మధ్యలో మీ మనసు మారింది. కాలు మాట విని అది మళ్ళీ లెక్క వేసుకోవాలి. ఇలాంటి చోట యాక్సిలరేటర్ మెల్లగా, ఒకే నిర్ణయంతో తొక్కితే సగం ఇబ్బంది పోతుంది. కానీ మెడోబ్రుక్ దగ్గర వచ్చింది మీ కాలి తప్పు కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

బెక్ రోడ్డు మీదుగా ఐ-96 హైవే ఎక్కండి. ఆయిల్ వేడెక్కాలి, 20 నిమిషాలు పోదాం.

70 మైళ్ళ వేగంలో ఏడో గేరు. అద్దాల మీద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ గేర్‌బాక్స్ పుట్టిందే ఇలాంటి చోటు కోసం. రెండు క్లచ్‌ల ఆలోచనని 1939 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆడోల్ఫ్ కెగ్రెస్ ముందుకి తెచ్చాడు, కానీ అది కారుగా మారి జనంలోకి రాలేదు. 1980ల్లో పోర్షె తన 956, 962 రేసు కార్లలో దాన్ని పరీక్షించింది. జనం కొనుక్కునే కారులోకి 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో వచ్చింది. పోర్షె 911లోకి 2008లో. రేసు ట్రాక్ మీద లాగుడు తెగకుండా గేరు మారడమే ముఖ్యం, 12 మైళ్ళ వేగం గురించి అక్కడ ఎవరికీ పట్టదు. మనిషి నడక నేర్చుకున్నాక పరుగు నేర్చుకుంటాడు. ఈ గేర్‌బాక్స్ పరుగుతో మొదలుపెట్టి నడక తరవాత నేర్చుకుంది. ఆ నడక నేర్పడానికే మాలాంటివాళ్ళం కార్లలో చలికాలాలు గడుపుతాం.

ఆయిల్ 80 డిగ్రీలు దాటింది. వెనక్కి తిప్పండి, మళ్ళీ టెన్ మైల్.

టాఫ్ట్ దగ్గర కుదుపు వచ్చింది, పొద్దుటంత లేదు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి క్లచ్ పలకల్ని అతుక్కుంటుంది, వాల్వుల్లో నెమ్మదిగా కదులుతుంది. పొద్దుటి కుదుపులో ఒక వాటా దానిది. మిగిలిన వాటా ఎక్కడిదో చూద్దాం. నోవై రోడ్డు దగ్గర మాన్యువల్ మోడ్ పెట్టి స్టీరింగ్ వెనక ఎడమ ప్యాడిల్‌తో మీరే గేరు దించండి, కానీ 5 మైళ్ళకి వచ్చేదాకా ఆగండి. నెమ్మదిగా, ఇంకా, ఇప్పుడు. ఏమీ లేదు కదా? మెడోబ్రుక్ దగ్గర స్పోర్ట్ మోడ్ పెట్టండి. విన్నారా, గేరు దిగేముందు ఇంజన్ తనే ఒక్క గుక్క రొద పెట్టి చుట్లు పెంచుకుంది. కుదుపు దాదాపు లేదు. అంటే గేరు పళ్ళు బాగున్నాయి, గేర్లని కలిపే రింగులు బాగున్నాయి. తేడా అంతా బిందె అందుకునే చేతిలోనే ఉంది.

ఖాళీ పార్కింగ్‌లో ఆపండి. కారు పార్క్‌లో, కాలు బ్రేకు మీద, ఇంజన్ నడుస్తూనే ఉండాలి. క్లచ్ పలకలు ఒకదాన్నొకటి తాకడం ఏ ఒత్తిడి దగ్గర మొదలవుతుందో కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని మేం టచ్ పాయింట్ అంటాం. పలకలు అరిగేకొద్దీ, ఆయిల్ పాతబడేకొద్దీ అది మారుతుంది. కంప్యూటర్ తన గుర్తుని సరిచేసుకుంటూనే ఉంటుంది, కొన్నిసార్లు వెనకబడుతుంది. మొదటి గేరు క్లచ్‌కి మీ కారు దాచుకున్న అంకె 2.4 బార్. ఇప్పుడు స్కానర్‌తో మళ్ళీ కొలవమంటాను. కింద నుంచి టిక్కు టిక్కుమని వాల్వుల శబ్దం, ఇంజన్ వేగం కొద్దిగా వంగి లేస్తోంది. రెండు నిమిషాలు ఏమీ ముట్టుకోకండి.

2.1 బార్.

ఇదీ సంగతి. క్లచ్ 2.1 దగ్గరే పట్టుకుంటోంది. 2.4 దాకా పట్టదని కంప్యూటర్ నమ్మకం. ప్రతి సిగ్నల్ దగ్గరా బిందె మీదికి చెయ్యి అనుకున్నదానికన్నా ముందే పడుతోంది. కొత్త అంకె రాసుకుంది, ఇక పదండి.

మెడోబ్రుక్. 20, 15, 12. కాఫీ ఊగింది, ఒలకలేదు. మీరు ఇంకోసారి అంటే ఇంకోసారి వెళ్ళాం, ఆ తరవాత ఇంకోసారి. మూడోసారి మీరు తెర వైపు చూడలేదు, రోడ్డునే చూశారు.

ఇక్కడితో అయిపోలేదు. గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చే గడువు మీ పుస్తకంలో ఏముందో చూసి ఈ నెలలోనే మార్పించండి. మార్చాక ఈ కొలత మళ్ళీ చెయ్యమని అడగండి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందేమో కూడా అడగండి. రేపు పొద్దున్న చలికి చిన్న కదలిక ఉంటుంది, మొదటి రెండు మైళ్ళు నెమ్మదిగా నడపండి. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకండి, ముందు కాస్త జాగా వదిలి ఒకేసారి కదలండి. పాకినంతసేపూ క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. కాలిన వాసన వచ్చినా, గేర్‌బాక్స్ హెచ్చరిక వెలిగినా, కారు తనంతట తనే లాగడం మానేసినా పక్కకి తీసి ఆపేయండి. అప్పుడు నా స్కానర్ చాలదు, వర్క్‌షాప్‌కే వెళ్ళాలి.

ఇలాంటి కారు మీ దగ్గరుంటే ఒక చిన్న పుస్తకం అందులో పెట్టుకోండి. కుదుపు ఏ వేగంలో వచ్చింది, ఏ గేరు నుంచి ఏ గేరుకి, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, కాలు దేని మీద ఉంది. ఈ నాలుగూ రాసుకుని వెళ్ళండి. అలాగే ఉంటుందని ఎవరైనా అంటే ఆ పేజీ తెరిచి వాళ్ళ ముందు పెట్టి, టచ్ పాయింట్ కొలిచారా అని అడగండి.