బొమ్మ గీయరాదు

కొన్నేళ్ళ క్రితం ఒక కంటోన్మెంటు ఊళ్ళో, ప్రహరీ గోడకు అవతల ఉన్న పాత రాతి కట్టడాన్ని రోడ్డు పక్క టీకొట్టు దగ్గర నిలబడి పెన్సిలుతో గీసుకుంటున్నాను. మూలనొక చిన్న బురుజు, దాని నెర్రెలో మొలిచిన రావిమొక్క. ఆకులు గీస్తూండగా కాపలా జవాను వచ్చాడు. కోపపడలేదు. "సాబ్, ఇధర్ డ్రాయింగ్ మనా హై" అని, నా చేతనే ఆ కాగితం చింపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడ ఫొటోలే తియ్యనియ్యరన్నా, నువ్వు బొమ్మ గీస్తివి" అన్నాడు టీకొట్టతను. ఆ "మనా" ఎప్పటిదో తెలుసుకోవాలనిపించి పాత చట్టాల పుస్తకాలు తిరగేశాను.

మూలం 1889లో ఉంది. బ్రిటనులో అధికార రహస్యాల చట్టం వచ్చిన ఆ ఏడాదే దాని ప్రతిరూపం ఇండియాలోనూ వెలిసింది. కోటలోకో, ఆయుధాగారంలోకో దొంగతనంగా చొరబడటం నేరమంటే అర్థం చేసుకోవచ్చు. కాని బయట నిలబడి అనుమతి లేకుండా దాని నక్షా గీయడాన్ని కూడా ఆ చట్టం నేరంగా లెక్కించింది. 1904లో కర్జన్ హయాంలో దాన్ని పౌరపాలనా వ్యవహారాలకు సైతం విస్తరింపజేశారు. గోఖలే శాసనమండలిలో గట్టిగా వ్యతిరేకించారు, ఫలితం లేకపోయింది. 1911లో, జర్మనీ గూఢచారుల భయం ముదిరిన వేసవిలో, బ్రిటిష్ కామన్స్ సభ మరింత కఠినమైన చట్టాన్ని ఒక్క మధ్యాహ్నంలో ఆమోదించింది. ఆ అచ్చులోనే పోసినది మన 1923 నాటి 19వ చట్టం. ఈనాటికీ అమలులో ఉన్నది అదే.

ఇందులో నన్ను ఆపివేసినవి శిక్షల కంటే నిర్వచనాలు. "స్కెచ్" అంటే ఫొటోగ్రాఫు మాత్రమే కాదు, ఒక స్థలాన్ని గాని వస్తువును గాని చూపించే ఏ పద్ధతైనా స్కెచ్చే. "నిషిద్ధ స్థలం" అంటే రక్షణ కట్టడాలు, శిబిరాలు, ఓడలు, విమానాలు, టెలిగ్రాఫు కేంద్రాలు. ప్రభుత్వం ప్రకటిస్తే రైలుమార్గం, రోడ్డు, కాలువ, నీళ్ళ పంపులు కూడా. అక్కడికి చేరువగా వెళ్ళడం, పరిశీలించడం, పక్కగా సాగిపోవడం, అన్నీ మూడవ సెక్షనులోకి వస్తాయి. సైనిక స్థావరానికి సంబంధించినదైతే 14 ఏళ్ళు, మిగతావాటికి 3 ఏళ్ళు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. దేశ భద్రతకు హాని కలిగించే ఉద్దేశం ఉంటేనే అది నేరం. రావిమొక్క గీసేవాడి మీద చట్టానికి పగ లేదు. మరి ఉద్దేశాన్ని తేల్చడమెలా? ఫలానా పని చేశాడని రుజువు చేయనక్కరలేదట. పరిస్థితులను బట్టి, అతని నడవడిని బట్టి, "తెలిసిన స్వభావాన్ని" బట్టి ఉద్దేశం చెడ్డదని తోస్తే చాలు, శిక్ష వేయవచ్చు. స్వభావం ఎవరికి తెలియాలి? పరాయి పాలకుడికి తన ప్రజలందరి స్వభావమూ ముందే తెలుసు కదా!

ఒక సెక్షను మాత్రం నాకు ముచ్చటగా తోచింది. వంతెన, కాలువ లాంటివాటిని నిషిద్ధమని ప్రకటించినప్పుడు, ఆ ప్రకటన ప్రతిని ఇంగ్లీషులోనూ, ఆ ప్రాంతపు భాషలోనూ అక్కడ అతికించాలట. వద్దనడానికైనా మన భాష వారికి అవసరమైంది. సైనిక శిబిరానికైతే ఆ బోర్డు కూడా అక్కరలేదు.

దీనికి తోడు 1903 నాటి రక్షణ కట్టడాల చట్టం ఒకటి. కోటగోడ అంచు నుంచి 2000 గజాల దాకా గీత గీయవచ్చు. ఆ గీత లోపల అనుమతి లేకుండా ఇల్లు కట్టరాదు, ఇటుకలు పేర్చరాదు, అధికారం పొందిన ఉద్యోగి పర్యవేక్షణ లేకుండా భూమి కొలవరాదు. 1000 గజాల లోపు తోటలు, చెట్ల వరుసలు ఉండరాదు. చెక్క గుడిసె ఉండవచ్చు, హుకుం వచ్చిన వెంటనే దాన్ని పీకేయాలి, పరిహారం అడగరాదు. రైతుకు తన పొలాన్ని తానే గొలుసు పట్టి కొలుచుకునే స్వేచ్ఛ లేదన్నమాట. బొమ్మ మాటకేం గాని, ఇది కడుపు మీద దెబ్బ.

ఇదంతా చదువుతూంటే కల్నల్ కాలిన్ మెకంజీ గుర్తుకొచ్చాడు. అతనూ సైనిక ఇంజనీరే. నిజాం రాజ్యంలో, మైసూరులో తిరిగి కోటలు, కొండలు, గుళ్ళు కొలిపించాడు, గీయించాడు. ఏలూరు నుంచి వెళ్ళిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య అతనికి కళ్ళూ చెవులూ అయ్యారు. బొర్రయ్య 1803లో చనిపోయాడు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ బొమ్మలు ఈనాడు లండనులో భద్రంగా ఉన్నాయి. మన రాజుల కోటలను గీయడానికి అతన్ని ఎవరు అడ్డుకోగలిగారు? ఆ సేకరణ వల్లనే మన స్థానిక చరిత్రలు ఎన్నో దక్కాయన్నదీ నిజమే, ఆ ఋణం నేను కాదనను. కాని కోటలు చేతులు మారగానే గీయడం నేరమైంది. ఇది మాత్రం మింగుడుపడదు.

1947 తరువాత మనం ఆ చట్టాన్ని వదులుకోలేదు సరికదా, 1967లో మరికొంత బిగించాం. 2021లో కేంద్రం పటాల తయారీ నిబంధనలను చాలావరకు సడలించింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఉపగ్రహ చిత్రాల్లో ఆ ప్రహరీ లోపలి చెట్ల నీడలు కూడా కనిపించసాగాయి. రోడ్డు మీద నిలబడినవాడి పెన్సిలుకు మాత్రం పాత నియమమే.

ఆ జవానుపై నాకు ఫిర్యాదు లేదు. అతనికి అప్పగించిన పని అది. ఇంటికొచ్చాక బురుజునూ, మొక్కనూ జ్ఞాపకం నుంచి మళ్ళీ గీశాను. ఆకులు సరిగ్గా కుదరలేదు. నిర్వచనం ప్రకారం అదీ స్కెచ్చే.