జప్తుకు అందనివి

ఫలానావాడు ఐ.పి. (దివాలా పిటిషన్) పెట్టాడంటే కోస్తా జిల్లాల్లో వినేవాళ్లకు మొదట కలిగే అనుమానం, ఆస్తంతా ముందే బామ్మర్ది పేరుకో మేనల్లుడి పేరుకో మార్చేసి ఉంటాడని. చాలాసార్లు అది నిజమే కావచ్చు. అయితే ఎవరి పేరుకూ మార్చకుండా, కోర్టు కళ్లెదుటే దివాలాదారు ఉంచుకోదగిన వస్తువులు కొన్ని ఉన్నాయి. ఆ పట్టిక ఒక్కరోజులో తయారుకాలేదు. ఎవరికి ఏం మిగల్చాలన్న విషయంలో ఒక్కో తరం ఒక్కో లెక్క వేసింది.

ఈ ఆలోచన పాతదే. సేద్యగాణ్ణి, రాజోద్యోగిని పనివేళల్లో అప్పు కోసం పట్టుకోరాదని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెప్పింది. భర్త చేసిన అప్పుకు తాను పూచీపడని భార్యను పట్టుకోకూడదనీ అంది. కానీ పశులకాపరుల భార్యలకు, పాలుకు సేద్యం చేసేవాళ్ల భార్యలకు ఆ రక్షణ లేదు. ఇంటి ఆడమనిషి కూడా రెక్కలు ముక్కలు చేసుకుంటే తప్ప పూట గడవని ఇళ్లకే మినహాయింపు దక్కలేదన్నమాట.

ఈస్టిండియా కంపెనీ పాలన వచ్చాక అప్పు వసూలుకు కోర్టు డిక్రీ ఆయుధమైంది. అంతకుముందు షావుకారు ఊరి మాటకు, కులపెద్దల మాటకు కొంత తలొగ్గవలసి వచ్చేది. చేతిలో కాగితం, వెనక కోర్టు, ముందు జప్తు చేసే అమీనా ఉన్నాక ఆ అవసరం తీరిపోయింది. దీని ఫలితం మహారాష్ట్రలో బద్దలైంది. 1875 మే 12న పుణె జిల్లా సూపా గ్రామంలో మొదలైన దక్కన్ తిరుగుబాట్లలో రైతులు ముఖ్యంగా వెతికి కాల్చింది అప్పుపత్రాలనే. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. 1879లో దక్కన్ వ్యవసాయదారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం రైతు తన పొలాన్ని ప్రత్యేకంగా తాకట్టు పెట్టి ఉంటే తప్ప, మామూలు డబ్బు డిక్రీ కింద దాన్ని జప్తు చేసి అమ్మడానికి వీల్లేదు. చాలా పెద్ద రక్షణ అది. కానీ ఆ చట్టం పుణె, సతారా, షోలాపూర్, అహ్మద్‌నగర్ రైతుల కోసం చేసింది. తిరగబడినచోట దక్కిన రక్షణ మద్రాసు రాజధానిలోని తెలుగు రైతుకు దక్కలేదు. ఇతనికి మిగిలింది దేశమంతటికీ ఒకటే అయిన సివిల్ ప్రొసీజర్ కోడ్.

1882 కోడ్‌లోని 266వ సెక్షన్‌లో ఒంటిమీది బట్టలు, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు కనిపిస్తాయి. 1908 కోడ్ వాటిని 60వ సెక్షన్‌లో విస్తరించింది. నేటికీ నడుస్తున్నది ఇదే. చట్టాల పుస్తకంలో ఇంత ఇంటివాసన ఉన్న సెక్షన్ అరుదు. వంటపాత్రలు, మంచాలు, పరుపులు, బాకీదారుకూ భార్యాబిడ్డలకూ కావలసిన బట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటినుంచి తియ్యకూడని నగలు, అన్నిటికీ అందులో చోటుంది. మంగళసూత్రం అన్న మాట రాయలేదు గానీ అమీనాకు, షావుకారుకు, ఇల్లాలికి అర్థమయ్యేది అదే. విత్తనాలు, సేద్యానికి అవసరమని కోర్టు తలచినన్ని పశువులు, రైతు నివసించే ఇల్లు, దాని స్థలం కూడా ముట్టుకోరానివే. సూర్యుడు అస్తమించాక, ఉదయించక ముందు జప్తు కోసం ఇంట్లోకి అడుగుపెట్టకూడదని 62వ సెక్షన్ ఆంక్ష పెట్టింది.

ఇన్ని చెప్పిన సెక్షన్‌లో పొలం లేదు. నాగలి, ఎడ్లు, గింజలు, తలదాచుకునే కొంప మిగులుతాయి. దున్నుకునే నేల మాత్రం దండోరా వేసి వేలం వేయవచ్చు. ఇది పొరపాటున జారిపోయిన విషయమని నేననుకోను. నేల చేతులు మారినా దాన్ని దున్నే మనిషి అక్కడే ఉండాలి, కౌలుకో పాలుకో పండించాలి, శిస్తు రావాలి. పట్టిక కాపాడింది సేద్యాన్ని. భూయజమానిగా రైతును కాదు. 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం ఈ పట్టిక జోలికి పోకుండా అసలు అప్పునే తగ్గించే దారి పట్టింది.

జీతగాళ్ల సంగతి వేరు. వస్తువు పేరు రాస్తే అది వందేళ్లయినా వస్తువే. అంకె రాస్తే అది ఏటేటా అరుగుతుంది. 1908లో ప్రభుత్వోద్యోగి, రైల్వే ఉద్యోగి జీతం నెలకు 20 రూపాయల లోపుంటే పూర్తిగా మినహాయింపు. 40 దాటితే సగం. 1976 సవరణ దాన్ని మొదటి 400, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులుగా మార్చింది. 2002 జులై నుంచి 400 కాస్తా 1,000 అయింది. నాగలి నాగలిగానే ఉండగా, ఈ వెయ్యి రూపాయలు ఇవాళ సంచి నిండా కూరగాయలకు సరిపోతే గొప్ప.

దివాలా చట్టాల్లోనూ ఇదే తేడా. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో ఒక చట్టం, బెజవాడ, గుంటూరు వంటి ఊళ్లకు 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. నగరవాసికి పనిముట్లు, బట్టలు, పరుపు, వంటపాత్రలు, సామాను అన్నీ కలిపి 300 రూపాయల విలువకు మించకూడదు. ఇంగ్లండులో 1883 చట్టం పెట్టిన పరిమితి 20 పౌన్లు. అప్పటి పౌనుకు 15 రూపాయల లెక్కన గుణిస్తే సరిగ్గా 300. జిల్లాల చట్టం మాత్రం అంకె పెట్టకుండా 60వ సెక్షన్ పట్టికనే తెచ్చుకుంది. ఒక్క మార్పు చేసింది: మామూలు డిక్రీలో జప్తుకు అందని లెక్కల పుస్తకాలను దివాలాలో అప్పగించి తీరాలి. ఐ.పి. పెట్టిన వ్యాపారి నగలు దాచడం కన్నా చిట్టా దాచడమే రుణదాతలకు ఎక్కువ ప్రమాదమని గ్రహించినవాళ్లే అలా రాసి ఉంటారు.

1976లో పట్టిక తలుపులు మరికొంత తెరుచుకున్నాయి. కూలీల ఇళ్లు, ఇంటిపనివాళ్ల ఇళ్లు, జీవితబీమా సొమ్ము చేరాయి. నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒక చిన్న ఉపసెక్షన్: ఈ మినహాయింపులను వదులుకుంటానని ఎవరైనా రాసిచ్చినా ఆ రాత చెల్లదు. అవసరం పీకలమీదికి వచ్చినవాడు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తాడు కదా. అదే ఏడాది వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా వచ్చి, వెట్టి అప్పుల కింద చేసిన జప్తులను రద్దు చేసింది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, కట్టగల స్తోమత ఉండి దురుద్దేశంతో ఎగ్గొడితే తప్ప, కేవలం పేదవాడైనందుకు బాకీదారును జైల్లో పెట్టరాదన్నారు.

2016 దివాలా కోడ్ పనిముట్లతోపాటు వాహనాలనూ చేర్చింది, బీమా పాలసీలు, పింఛను పథకాలు, ఒక నివాస గృహం కూడా. వెంటనే మళ్లీ అంకెలొచ్చాయి. 2019 నిబంధనల ప్రకారం నగలకు లక్ష, ఇంటికి పట్టణంలో 20 లక్షలు, పల్లెలో 10 లక్షలు. 1908లో విలువ అడగని తాళికి ఇప్పుడు తూకం పెట్టారు. పైగా ఈ నిబంధనలు వచ్చింది కంపెనీల అప్పుకు వ్యక్తిగతంగా హామీ ఉన్నవాళ్లకే. జిల్లాల్లో మామూలు మనిషి ఐ.పి. పెడితే ఇప్పటికీ 1920 చట్టమే దిక్కు.

కొత్త కోడ్ ప్రతి మినహాయింపుకూ ఒక షరతు తగిలించింది: ఆ వస్తువు తాకట్టులో ఉండకూడదు. ఇవాళ ఆటో ఫైనాన్సులో ఉంటుంది, ఇల్లు బ్యాంకులో, పుస్తెలతాడు గోల్డ్‌లోన్‌లో. అమీనా తాకలేని గొలుసును తాకట్టు వ్యాపారి వేలం వేయగలడు. బ్యాంకులకు కోర్టు గడప తొక్కకుండా స్వాధీనం చేసుకునే అధికారమిచ్చిన 2002 సర్ఫేసీ చట్టం కూడా 60వ సెక్షన్ వస్తువులను మినహాయించింది, ఆ అప్పుకే తాకట్టు పెట్టినవి తప్ప. అయితే అదే చట్టం 31వ సెక్షన్‌లో, 1908 కోడ్ చోటివ్వని సాగుభూమికి చోటు దొరికింది. తాకట్టులో ఉన్నా సరే, ఆ చట్టం కింద బ్యాంకు దాన్ని స్వాధీనం చేసుకోలేదు, కోర్టుకో ట్రిబ్యునల్‌కో వెళ్లాలి.